రెప్పపాటులో జరిగేది
(సంఘం వార్షిక సమావేశంలో, అరకులో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "విజ్ఞానశాస్త్రం - మనం" అని. అది సముద్రమంత విషయం. నాకిచ్చిన సమయం అరగంట. అందుచేత అందులో నుంచి ఒక్క చిన్న పాయను మాత్రమే తీసుకుంటున్నాను. కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోయే సంగతుల్ని మనిషి ఫోటో తియ్యటం ఎలా నేర్చుకున్నాడు అన్నదే నా విషయం.

యిది కొండల్లో వుండే మనకెందుకు అని కొందరు పెద్దలు అనుకోవచ్చు. అలా రెప్పపాటులో జరిగిపోయే సంగతుల్లో ఒకటి ప్రతి యేడూ మన దేశంలో వేలమందిని పొట్టన పెట్టుకుంటున్నది. పొలంలో వున్న రైతును, మేకలు కాసే పిల్లవాణ్ణి, చెట్టు కింద నిలబడ్డ కూలీని తీసుకుపోతున్నది. దాని పేరు పిడుగు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద పిడుగుపాటుకు చనిపోయినవారు 2,887 మంది. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల నివారణ అధికారులు లెక్క చెప్పారు. కనుక యీ విషయం మన గుమ్మం ముందున్న విషయమే.

కన్ను ఎంత త్వరగా చూడగలదు?

పిల్లల్లారా, మీలో బొంగరం తిప్పనివారు వుండరు. బొంగరం మీద ఎర్రచార, పచ్చచార, తెల్లచార వేసి తిప్పండి. తిరుగుతున్నంతసేపు చారలు కనపడవు, అన్నీ కలిసిపోయి ఒక్కటే రంగు కనిపిస్తుంది. బొంగరం ఆగాక మళ్ళీ చారలు చారలుగానే వుంటాయి. మరి తిరిగేటప్పుడు అవి ఎక్కడికి పోయినాయి? ఎక్కడికీ పోలేదు. మన కన్నే వాటిని విడదీసి చూడలేకపోయింది.

యీ బొంగరం సంగతిని వెయ్యేళ్ళ కిందటే ఆలోచించి రాసిన మహానుభావుడు వున్నాడు. ఆయన పేరు అబూ అలీ హసన్ ఇబ్నుల్ హైసమ్. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, కైరోలో జీవితం గడిపాడు. "కితాబుల్ మనాజిర్" అనే గొప్ప గ్రంథం రాశాడు. అప్పటిదాకా చాలామంది పండితులు కంటి నుంచి ఏవో కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని, అందువల్ల చూపు కలుగుతుందని నమ్మేవారు. ఇబ్నుల్ హైసమ్ దాన్ని తోసిపుచ్చి, వెలుతురే వస్తువు నుంచి కంటిలోకి వస్తుందని ప్రయోగాలు చేసి వాదించాడు. రంగును గుర్తించటానికి కంటికి కొంత కాలం కావాలని, ఆ కాలం చాలకపోవటం వల్లనే బొంగరం చారలు కలిసిపోతాయని చెప్పాడు. అంతేకాదు, వెలుతురు ప్రయాణానికి కూడా కొంత కాలం పడుతుందని, అది మనకు తెలియనంత స్వల్పమని కూడా ఆయన అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి 2015ను అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు ప్రపంచం ఆయన పేరును ప్రత్యేకించి తలుచుకున్నది.

యిప్పుడు లెక్కలు చూద్దాం. రెప్ప ఒకసారి వాల్చి ఎత్తటానికి సెకనులో పదోవంతు నుంచి మూడోవంతు దాకా పడుతుంది. సినిమాహాలులో సెకనుకు 24 బొమ్మలు తెర మీద పడితే చాలు, మన కన్ను మోసపోయి మనిషి నడుస్తున్నాడనే అనుకుంటుంది. అంతకంటె త్వరగా జరిగేది ఏదైనా మనకు చెరిగిపోయిన గీతలాగా కనిపిస్తుంది. ఈగ రెక్క అంతే, తుపాకి గుండు అంతే, మెరుపూ అంతే.

గుర్రం, నీటిబొట్టు

చూడలేనిదాన్ని చూడాలంటే రెండు దారులున్నాయి. కెమెరా కన్నును అతి త్వరగా తెరిచి మూయటం ఒకటి. కెమెరా కన్నును చీకట్లో తెరిచే వుంచి, అతి స్వల్పకాలం వుండే వెలుతురును ఒక్కసారి వెలిగించటం రెండోది. ఎంతసేపు వెలుతురు వుంటే అంతసేపటి బొమ్మే పడుతుంది.

మన కిరండూల్ లైను రైలు యీ సంగతిని చక్కగా చూపిస్తుంది. ఆ లైనులో 58 సొరంగాలున్నాయి. శివలింగపురం దాటి పైకి వస్తుంటే సొరంగం చీకటి, వెంటనే కాస్త వెలుతురు, మళ్ళీ చీకటి. రెండు సొరంగాల మధ్య వున్న ఆ కాస్త సందులో ఒక లోయ, ఒక జలపాతం, ఒక వంతెన కనిపించి మాయమవుతాయి. సందు ఎంత చిన్నదైతే మనకు దక్కే బొమ్మ అంత చిన్న క్షణానిది. కెమెరాలో షట్టరు చేసే పని అదే.

1851లో ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ అనే ఆయన ఒక చక్రానికి వార్తాపత్రిక ముక్కను అంటించి, చక్రాన్ని గిర్రున తిప్పి, చీకటి గదిలో ఒక్క విద్యుత్ మెరుపు వెలిగించి ఫోటో తీశాడు. చక్రం తిరుగుతూనే వున్నా ఆ మెరుపు ముందు అది నిలబడిపోయినట్టే పడింది. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు పరుగెత్తే గుర్రం దారిలో పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, ఒక్కొక్కదానికి దారం కట్టాడు. గుర్రం దారం తెంపుకుంటూ పోతుంటే కెమెరాలు ఒకదాని తర్వాత ఒకటి పనిచేశాయి. పరుగులో గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను వదులుతాయా లేదా అని జనం తగువులాడుకునేవారు. వదులుతాయని ఆ ఫోటోలు తేల్చాయి. అయితే చిత్రకారులు వేసినట్టు కాళ్ళు ముందుకూ వెనక్కూ చాపినప్పుడు గాక, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు.

వర్తింగ్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడి కథ యింకా బాగుంటుంది. నీటిబొట్టు పడి చిందినప్పుడు ఏ ఆకారం వస్తుందో ఆయన యేళ్ళ తరబడి చూశాడు. చీకటి గదిలో బొట్టు పడే క్షణాన మెరుపు వెలిగించటం, కంట్లో మిగిలిన రూపాన్ని వెంటనే చేత్తో గీయటం ఆయన పద్ధతి. ఆయన గీసిన బొమ్మలన్నీ ఎంతో ముచ్చటగా, అన్నివైపులా సమానంగా, కిరీటంలాగా వుండేవి. 1894లో ఆయనకు ఫోటో తియ్యటం సాధ్యమైంది. తీసి చూస్తే ఏ చిందూ అంత సమానంగా లేదు! ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ, మధ్యలో విరిగినవి. యిన్నేళ్ళూ తన కన్ను చూసినదాన్ని మనసు తనకు నచ్చినట్టు సరిదిద్దుకున్నదని ఆయన గ్రహించి, ఆ సంగతి దాచకుండా లోకానికి చెప్పాడు. బొర్రా గుహల్లో కప్పు నుంచి బొట్లు పడుతూ వుంటాయి, మనమంతా చూసినవే. యీసారి వెళ్ళినప్పుడు ఒక్క బొట్టు చిందే తీరును గమనించండి. మీ కన్ను మీకు ఎంత తక్కువ చెబుతుందో అర్థమవుతుంది.

ఆ తర్వాత అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీరు 1930ల నుంచి విద్యుత్ ఫ్లాషును వృద్ధి చేసి, ఆపిల్ పండును చీల్చుకుపోయే తుపాకి గుండును, పాలచుక్క కిరీటాన్ని ఫోటోలు తీశాడు. యివాళ పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫరు వాడే ఫ్లాషు ఆ పని నుంచి వచ్చినదే.

మెరుపు లోపలి కథ

యిక పిడుగు దగ్గరికి వద్దాం. మెరుపును ఫోటో తీయటానికి ఫ్లాషు అక్కరలేదు, అదే వెలుగు. కాని దాని లోపలి వరస ఎలా తెలియాలి? 1900 ప్రాంతంలో ఇంగ్లండులో చార్లెస్ బాయ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఒక తెలివైన కెమెరా కట్టాడు. అందులో రెండు కటకాలు ఒక వలయం మీద ఎదురెదురుగా గిర్రున తిరుగుతూ వుంటాయి. మెరుపులో ఏ భాగం ముందు వెలిగింది, ఏది వెనక వెలిగింది అన్నదాన్ని బట్టి బొమ్మ కాస్త జరిగి పడుతుంది. రెండు కటకాల బొమ్మలు వ్యతిరేక దిశల్లో జరుగుతాయి గనుక, వాటిని పోల్చి కాలాన్ని లెక్కకట్టవచ్చు. కాలాన్ని దూరంగా మార్చి కొలవటం అన్నమాట. యీ కిటుకును గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1930లలో దక్షిణాఫ్రికాలో షోన్‌లాండ్, ఆయన సహచరులు యీ రకం కెమెరాలతో పిడుగుల్ని ఫోటోలు తీసి దాని గుట్టు విప్పారు. మనం "ఆకాశం నుంచి పిడుగు పడింది" అంటాం. నిజానికి జరిగే వరస యిది.

ముందు మేఘం నుంచి మసక వెలుగుతో ఒక దారి కిందికి దిగుతుంది. అది ఒక్కసారిగా దిగదు. సుమారు యాభై మీటర్ల మేర ఒక అంగ వేస్తుంది. సెకనులో ఇరవైవేలో వంతు సేపు ఆగుతుంది. మళ్ళీ ఒక అంగ వేస్తుంది. కొత్త వూళ్ళో చీకట్లో ఇల్లు వెతుక్కునేవాడిలాగా వంకరటింకరగా, కొమ్మలు చీలుతూ వస్తుంది. నేలకు ఇంకా యాభై వంద మీటర్ల దూరం వుందనగా, కింద వున్న ఎత్తైన వస్తువుల నుంచి, అంటే చెట్టుకొన, కరెంటు స్తంభం, ఇంటి కప్పు, బయలులో నిలబడ్డ మనిషి తల, వీటి నుంచి చిన్న విద్యుత్ పాయలు పైకి లేస్తాయి. వాటిలో ఏది ముందు కలుసుకుంటే పిడుగు దారి అదే. కలుసుకోగానే అసలు ప్రవాహం ఆ దారి వెంట కింది నుంచి పైకి, కాంతివేగంలో సుమారు మూడోవంతు వేగంతో వెలుగుతూ పోతుంది. మన కళ్ళు మిరుమిట్లు గొలిపేది అదే. ఆ దారిలో గాలి సుమారు 30,000 డిగ్రీల వేడికి వస్తుంది. అది సూర్యుడి ఉపరితలం కంటె అయిదు రెట్లు. ఆ వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించటమే ఉరుము.

యింతటితో అయిపోలేదు. అదే దారి వెంట సెకనులో ఇరవయ్యోవంతు గడవగానే మళ్ళీ ఒకటి, ఆపైన మరొకటి వస్తాయి. ఒక్కొక్క మెరుపులో మామూలుగా మూడు నాలుగు సార్లు యిలా జరుగుతుంది. మెరుపు రెపరెపలాడినట్టు కనిపించటానికి కారణం అదే. యిదంతా అరసెకనులో ముగిసిపోతుంది.

దివ్యఖుర్‌ఆన్‌లో ఒక సూరాకు "అర్‌రఅద్" అనే పేరు, అంటే ఉరుము. ఉరిమినప్పుడు మన ఇళ్ళల్లో నానీమాలు దుఆ చదువుతారు. పక్కింట్లో అవ్వ అర్జునుడి పేర్లు తలుచుకుంటుంది. గుండె దడదడలాడినప్పుడు దేవుణ్ణి తలుచుకోవటం మనిషి స్వభావం. అయితే ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్ మీద భారం వెయ్యమన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలిసినదే. పిడుగు విషయంలో ఒంటెను కట్టటమంటే ఏమిటో చెబుతాను. యీ జాగ్రత్తల్లో ప్రతి ఒక్కదాని వెనుకా ఆ ఫోటోలు చెప్పిన కారణం వుంది.

ఒంటెను కట్టటం

ఒకటి. చెట్టు కింద నిలబడవద్దు. పిడుగు ఎక్కడ పడాలో చివరి యాభై వంద మీటర్లలోనే తేలుతుంది గనుక, ఆ చుట్టుపక్కల ఏది ఎత్తుగా వుంటే దానికే ముప్పు. మన కొండల్లో ఎండాకాలం చివర చింతచెట్టు, మామిడిచెట్టు, తోటల్లో సిల్వర్ ఓక్ చెట్టు, అన్నీ వాన రాగానే మనుషుల్ని రమ్మని పిలుస్తాయి. చెట్టు మీద పడ్డ పిడుగు చెట్టుతో ఆగదు. పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, వేళ్ళ వెంట నేలలోకి పాకుతుంది.

రెండు. నేల మీద పడుకోవద్దు, కాళ్ళు ఎడంగా పెట్టవద్దు. పిడుగు పడినచోటి నుంచి నేలలో విద్యుత్తు చుట్టూ పాకుతుంది. రెండు కాళ్ళ మధ్య దూరం ఎంత ఎక్కువైతే శరీరం గుండా అంత ఎక్కువ పోతుంది. ఒకే పిడుగుకు మందలో అనేక పశువులు చనిపోవటానికి కారణం యిదే. వాటి ముందుకాళ్ళకు, వెనకకాళ్ళకు మధ్య ఎడం ఎక్కువ. గత్యంతరం లేక బయలులో చిక్కుకుంటే కాళ్ళు దగ్గరగా పెట్టి, తల వంచి, గొంతుకూర్చోవాలి. పదిమంది వుంటే ఒకరినొకరు పట్టుకోకుండా దూరం దూరంగా వుండాలి.

మూడు. మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. వెలుతురు వెంటనే వస్తుంది, ఉరుము కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున వెనకబడుతుంది. ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే వున్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన బస్సులోకో, కారులోకో వెళ్ళాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. సంతలో వేసే టార్పాలిన్ డేరా, గోడలు లేని రేకులషెడ్డు రక్షణ కావు. ప్రతివారం సంతలకు తిరిగే మన వ్యాపారస్థులు యీ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. సరుకు తడిస్తే మళ్ళీ కొనుక్కోవచ్చు.

నాలుగు. యిది అన్నిటికంటె ముఖ్యమైనది. పిడుగు తగిలిన మనిషిలో కరెంటు నిలవ వుండదు. ముట్టుకుంటే మనకేమీ కాదు. కొందరు భయపడి దగ్గరికి పోరు. పొరుగున ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల్లో తగిలినవారిని పేడలోనో మట్టిలోనో మెడదాకా పాతిపెట్టిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. ఆ పోయే ప్రతి నిమిషం ప్రాణం ఖరీదు చేస్తుంది. పిడుగు తగిలినప్పుడు తరచు గుండె, ఊపిరి ఆగిపోతాయి. వెంటనే ఛాతీ మధ్య రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి వందకు పైగా నొక్కుతూ వుంటే మనిషి బ్రతికే అవకాశం వుంది. ఒకరు నొక్కుతూ వుండగా ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. ఘాట్‌రోడ్డు మీద వాహనం రావటానికి ఎంత సేపు పడుతుందో మనకు తెలుసు. ఆ మధ్యకాలం మన చేతుల్లోనే వుంది.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు తయారుచేసిన "దామిని" అనే సెల్‌ఫోను సాధనం వుంది. చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. ప్రతి కుటుంబంలో ఒక్క ఫోనులోనైనా అది వుండాలి.

దసూక్ కుర్రవాడు

మెరుపు సెకనులో పదిలక్షలో వంతుల లెక్కన నడుస్తుంది. శాస్త్రజ్ఞులు అంతటితో ఆగలేదు. అంతకంటె కోట్ల రెట్లు త్వరగా జరిగే సంగతులున్నాయి. వంటింట్లో పొయ్యి మండినా, ఆకు ఎండను తాగినా, మనం మందుబిళ్ళ మింగినా లోపల అణువులు విడిపోతాయి, కలుస్తాయి. యీ విడిపోవటానికి పట్టే కాలాన్ని ఫెమ్టోసెకన్లలో చెప్పాలి. ఫెమ్టోసెకను అంటే సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ పది చేసినప్పటి ఒక ముక్క. ఒక సెకను ముందు ఫెమ్టోసెకను ఎంతో, మూడు కోట్ల సంవత్సరాల ముందు ఒక సెకను అంత. వెలుతురు ఇక్కణ్ణించి విశాఖకు 115 కిలోమీటర్లూ పోవటానికి సెకనులో రెండువేలో వంతు కూడా పట్టదు. అటువంటి వెలుతురు కూడా ఒక ఫెమ్టోసెకనులో తల వెంట్రుక మందంలో నూరోవంతు దూరమైనా పోలేదు.

యింత స్వల్పకాలాన్ని పట్టుకున్నవాడు అహ్మద్ జువైల్. 1946లో ఈజిప్టులో దమన్‌హూర్ పట్టణంలో పుట్టాడు. నైలునది ఒడ్డున దసూక్ అనే చిన్న పట్టణంలో, అక్కడి సయ్యిద్ ఇబ్రాహీం మసీదు నీడన పెరిగాడు. తండ్రి సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు బిగించే పని చేసి, తర్వాత ప్రభుత్వోద్యోగంలో చేరినవాడు. మన సంఘంలో మెకానిక్ పని చేసేవారి పిల్లలు యీ మాట కాస్త శ్రద్ధగా వినాలి. ఆయన అలెగ్జాండ్రియాలో చదివి, అమెరికా వెళ్ళి 1974లో డాక్టరేటు సంపాదించి, కాలిఫోర్నియాలోని కాల్టెక్ విద్యాసంస్థలో ఆచార్యుడైనాడు.

ఆయన పద్ధతి ఏమిటంటే, ఫెమ్టోసెకన్ల పాటు మాత్రమే వుండే రెండు లేజరు మెరుపులు తీసుకుంటాడు. మొదటి మెరుపు అణువును తట్టి విడిపోవటం మొదలుపెడుతుంది. రెండోది కాస్త ఆలస్యంగా వచ్చి ఆ క్షణంలో అణువు ఎలా వుందో చూస్తుంది. ఆలస్యాన్ని కొంచెం కొంచెం మారుస్తూ మళ్ళీ మళ్ళీ చేస్తే మైబ్రిడ్జ్ గుర్రంలాగా వరస బొమ్మలు వస్తాయి. కాని ఫెమ్టోసెకన్ల ఆలస్యాన్ని ఏ గడియారం కొలుస్తుంది? ఏ గడియారమూ కొలవలేదు. అందుకని రెండో మెరుపును కాస్త చుట్టుదారిన పంపిస్తారు. దారిలోని అద్దాన్ని వెంట్రుక మందంలో చిన్న పాలు జరిపితే చాలు, అంత ఆలస్యం అవుతుంది. యిందాక గుర్తు పెట్టుకోమన్న కిటుకు యిదే. బాయ్స్ పిడుగుకు వాడినట్టే, యిక్కడా కాలాన్ని దూరంగా మార్చి కొలిచారు.

1987లో జువైల్ బృందం ఒక అణుబంధం తెగిపోవటాన్ని, రమారమి రెండువందల ఫెమ్టోసెకన్లలో జరిగేదాన్ని, జరుగుతుండగా గమనించింది. 1999లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. విజ్ఞానశాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి అరబ్బు ఆయనే. 2016లో పరమపదించాడు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

యింకొక విశేషం చెప్పాలి. 1991లో బర్క్‌లీ శాస్త్రజ్ఞులు యీ పద్ధతిలోనే కంటిలో వుండే పదార్థాన్ని పరీక్షించారు. వెలుతురు తగలగానే కంటిలోని అణువు ఒకటి మెలి తిరుగుతుంది, చూపుకు మొదటి మెట్టు అదే. అది రెండువందల ఫెమ్టోసెకన్లలోనే అయిపోతుందని తేలింది. బొంగరం చారల్ని విడదీయలేని యీ కన్నే, లోపల ప్రపంచంలోకెల్లా వేగమైన పనుల్లో ఒకటి చేస్తున్నది. సుబ్‌హానల్లాహ్ అనక ఏమంటాం?

వెలుతురు నడకను చూడటం

జువైల్ చూసింది అణువును. చివరికి వెలుతురునే నడుస్తుండగా చూడాలని బయలుదేరినవారున్నారు. 2011లో అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో మన నాసిక్‌లో పుట్టిన రమేశ్ రస్కర్, ఆయన సహచరులు సెకనుకు లక్ష కోట్ల బొమ్మల లెక్కన ఒక సీసాలో వెలుతురు పాకుతూ పోవటాన్ని చూపించారు. ఆ పనిలో చెయ్యి కలిపిన మౌంగీ బవెండీ తండ్రి ట్యునీషియా దేశపు గణితశాస్త్రజ్ఞుడు. బవెండీకి వేరొక పరిశోధనకు 2023లో నోబెల్ వచ్చింది. అయితే ఎం.ఐ.టి. పద్ధతిలో ఒకే దృశ్యాన్ని లక్షలసార్లు జరిపించి కొంచెం కొంచెంగా పోగు చెయ్యాలి. మళ్ళీ జరగని సంగతులకు అది పనికిరాదు. 2014లో లిహాంగ్ వాంగ్ బృందం ఒకేసారి జరిగేదాన్ని సెకనుకు పదివేల కోట్ల బొమ్మల లెక్కన పట్టుకునే కెమెరా చేసింది. 2020 నాటికి దాన్ని డెబ్భై లక్షల కోట్లకు తీసుకుపోయారు. ఫెమ్టోసెకనులో వెయ్యోవంతు లెక్కలో వెలుగు మెరుపులు పుట్టించినందుకు 2023లో అగోస్తినీ, క్రౌస్, ఆన్ లుయిలియే అనే ముగ్గురికి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వారిలో అగోస్తినీ పుట్టింది ట్యునిస్ నగరంలో. ఆన్ లుయిలియే స్త్రీ. అంతకు ముందు 2018లో యీ స్వల్ప మెరుపుల్ని బలమైనవిగా చేసే ఉపాయానికి నోబెల్ పంచుకున్న డోనా స్ట్రిక్లాండ్ కూడా స్త్రీయే.

యిదంతా గాలిలో మేడ కాదు. నేడు పెద్ద కంటి ఆసుపత్రుల్లో కత్తి లేకుండా కంటిపొరను కోసేది ఫెమ్టోసెకను లేజరే. అంత స్వల్పంగా తాకి పోతుంది గనుక చుట్టుపక్కల కాలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను, గోపన్‌పల్లిలోని టాటా సంస్థవారి కేంద్రంలోను యిటువంటి లేజర్లతో పరిశోధన జరుగుతూ వుంది. ఘాట్ దిగితే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వుంది. రామన్ శిష్యుడైన సూరి భగవంతంగారు వెలుతురు మీద పరిశోధన చేస్తూ, పాఠాలు చెప్పినది అక్కడే. అప్పటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవాడాయన. దారి మన వూరి నుంచి మొదలయ్యేదే.

మన సంఘం చేయదగినది

యిప్పుడు కొంచెం నిష్ఠూరంగా మాట్లాడతాను, మన్నించాలి. మన సభల్లో ఇబ్నుల్ హైసమ్ పేరు, ఇబ్నె సీనా పేరు చెప్పి చప్పట్లు కొట్టుకోవటం అలవాటైంది. ముత్తాత పొలం బాగా పండిందని చెప్పుకుంటే మనవడి గాదె నిండదు. ఇబ్నుల్ హైసమ్ గొప్పతనం ఆయన పెద్దల మాటను కూడా పరీక్షించి చూడటంలో వుంది. వర్తింగ్టన్ గొప్పతనం తన కన్నును తానే అనుమానించటంలో వుంది. ఆ గుణం మన పిల్లలకు రావాలి. పిల్లవాడు "ఎందుకు" అని అడిగితే "నోరుముయ్" అనే ఇంట్లో జువైల్ పుట్టడు.

మన ఆడపిల్లల సంగతి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా, ఇంటర్ సైన్సు గ్రూపు చదవాలంటే కొండ దిగాలి, హాస్టలులో వుండాలి అని మాన్పించే ఇళ్ళు మనలో వున్నాయి. తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిక చెయ్యను. కాని ఆ భయాన్ని ఒక్కొక్క కుటుంబం ఒంటరిగా మోస్తున్నది. దాన్ని సంఘం మొయ్యాలి. నలుగురు పిల్లల్ని కలిపి పంపటం, నమ్మకమైన వసతి చూడటం, నెలకొకసారి పెద్దవారెవరైనా వెళ్ళి చూసి రావటం మన చేతనయ్యే పనులే.

కనుక కార్యవర్గం ముందు మూడు సూచనలు పెడుతున్నాను. సైన్సు చదివే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, సంఘం విద్యానిధిలో ప్రత్యేకంగా కొంత కేటాయించాలి. జకాత్‌కు అర్హులైన కుటుంబాల పిల్లలుంటే ఆ విషయం ఆలిమ్‌లను అడిగి చేసుకోవచ్చు. రెండోది, సాయంత్రంపూట పిల్లలు కూర్చుని చదువుకోవటానికి దీపం, బల్ల, నాలుగు సైన్సు పుస్తకాలు వున్న ఒక గది. మూడోది, వచ్చే ఎండాకాలం రాకముందే ఆరోగ్యకేంద్రం వారిని పిలిపించి, ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే పద్ధతిని మన యువకులకు, స్త్రీలకు నేర్పించాలి. నేర్చుకున్నవారు సంత రోజున కొండదొర, బగత, వాల్మీకి, పోరజ సోదరులకు కూడా చెప్పాలి. పిడుగు ఎవరి కులమూ మతమూ అడిగి పడదు. వాళ్ళ పల్లెలు ఇంకా లోపల వున్నాయి, రోడ్డుకు యింకా దూరం. యీ కొండల్లో మనకు తిండి పెడుతున్నది వారితో సాగే వ్యాపారమే. యీ పని వారి రుణం కొంత తీర్చుకోవటం కూడా అవుతుంది.

మూడో సూచన కార్యవర్గం తీర్మానం కోసం ఆగనక్కరలేదు. యివాళ భోజనాలైన తర్వాత ఆసక్తి వున్నవారు పేర్లు యివ్వండి. మొదటి పదిమంది దొరికితే చాలు, మిగిలినవారు వాళ్ళను చూసి వస్తారు.

 అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక, మన కొండల్ని, కొండల్లోని అందరినీ చల్లగా చూచుగాక. ఆమీన్.

వస్సలామ్.